చిన్న గండి... పెద్ద గండం

పొలం చివర కుంట, తోటలో చెరువు, రిసార్టు వెనక సరస్సు... చూడటానికి ముచ్చటగా ఉంటాయి. వాటిని ఆపి ఉంచేది మాత్రం ఒట్టి మట్టి. ఆ మట్టిని కనిపెట్టుకుని ఉండే మనిషి ఉన్నన్నాళ్లూ అది కొండంత అండ. లేనినాడు... దిగువ ఊరికి పక్కలో బల్లెం!

చెరువులో పెంచుకున్న చేపలు బయటికి పోకూడదు. ఆ క్లబ్బువాళ్లు కోరుకున్నది అంతే. అందుకే నీళ్లు పొర్లిపోయే దారికి ఇనుప జాలీలు బిగించారు. ఆ జాలీలే ఒక పట్టణాన్ని ముంచడానికి తోడయ్యాయి.

అది అమెరికాలోని పెన్సిల్వేనియా రాష్ట్రం. కొండల నడుమ సౌత్‌ఫోర్క్ అనే చోట 72 అడుగుల ఎత్తున్న మట్టి ఆనకట్ట ఉండేది. సరుకు పడవలు తిరిగే కాలువకు నీళ్లివ్వడానికి ప్రభుత్వమే కట్టించింది. 1853లో పని పూర్తయింది. తర్వాత కొన్నాళ్లకే రైళ్లొచ్చాయి, కాలువతో అవసరం తీరిపోయింది. ఆనకట్ట ప్రైవేటు చేతుల్లోకి వెళ్లింది. మధ్యలో వచ్చిన ఒక యజమాని అడుగున ఉన్న ఇనుప గొట్టాలను, అంటే మన లెక్కలో తూమును, పీకించి పాత ఇనుము కింద అమ్మేశాడు. 1879లో అది పిట్స్‌బర్గ్ సంపన్నుల వేట క్లబ్బు చేతికొచ్చింది. ఉక్కు వ్యాపారంలో కోట్లు గడించిన ఆండ్రూ కార్నెగీ, హెన్రీ ఫ్రిక్ లాంటివాళ్లు అందులో సభ్యులు.

అప్పటికే పడి ఉన్న పాత గండిని క్లబ్బువాళ్లు మట్టి, రాళ్లు, కొమ్మలు, గడ్డి వేసి పూడ్పించారు. గుర్రపు బగ్గీలు సులువుగా వెళ్లేందుకు కట్ట పైభాగాన్ని కాస్త చెక్కేశారు. తూము మళ్లీ పెట్టలేదు. అలుగుకు జాలీలు కట్టారు. దిగువన 22 కిలోమీటర్ల దూరంలో జాన్స్‌టౌన్ పట్టణం ఉంది. అక్కడి ఇనుప కర్మాగారం పెద్దలకు అనుమానం వచ్చి తమ ఇంజినీరును పంపారు. మరమ్మతు సరిగా లేదు, నీళ్లు దించుకునే దారి లేదు అని ఆయన రాసిచ్చాడు. మీకేం ప్రమాదం లేదు పొమ్మంది క్లబ్బు.

1889 మే 31. రాత్రంతా కుండపోత. జాలీలకు చెత్తాచెదారం, కొమ్మలు అడ్డంపడ్డాయి. నీళ్లు పోయే దారి మూసుకుపోయింది. పొద్దుట్నుంచీ కూలీలను పెట్టి పక్కన ఇంకో కాలువ తవ్వించారు. జాలీలు తీయబోయారు. ఏదీ పనిచెయ్యలేదు. దిగువకు టెలిగ్రాఫ్‌లో హెచ్చరికలు వెళ్లాయి. వానలు పడినప్పుడల్లా వినే మాటే కదా అని చాలామంది చెవిన పెట్టలేదు. మధ్యాహ్నం 3 గంటల ప్రాంతంలో కట్ట తెగింది. గంట తిరిగేసరికి జాన్స్‌టౌన్ లేదు. చనిపోయినవారు 2,200 మందికి పైనే. కోర్టుకెక్కినవాళ్లకు క్లబ్బు నుంచి పైసా పరిహారం దక్కలేదు.

ఈ కథలో భూకంపం లేదు, బాంబు లేదు. తూము తీసెయ్యడం, కట్ట చెక్కెయ్యడం, అలుగుకు జాలీ కట్టడం... అన్నీ చిన్న పనులే. మట్టికట్టల సంగతే అంత. చాలావరకు అవి ఒక్కరోజులో పాడవవు. ఏళ్ల తరబడి కొంచెం కొంచెంగా పాడై, ఒక్కరోజులో తెగుతాయి.

చిన్నవే... కానీ లక్షల్లో!

ఆనకట్ట అనగానే మనకు నాగార్జునసాగర్, శ్రీశైలం గుర్తొస్తాయి. వాటికి ఇంజినీర్లుంటారు, నీటిమట్టాలు రాసే పుస్తకాలుంటాయి. ప్రపంచంలో ఎక్కువగా ఉన్నవి మాత్రం అవి కావు. పొలాల్లో, తోటల్లో, ఎస్టేట్లలో, ఫ్యాక్టరీల వెనక ఎవరో ఒకరు సొంతానికి కట్టుకున్న చిన్న మట్టికట్టలే. అమెరికా ఆనకట్టల జాబితాలో 90 వేలకు పైగా ఉంటే సగానికి మించి ప్రైవేటువే. మరీ చిన్నవి ఆ జాబితాకే ఎక్కవు.

మన దేశంలోనూ తక్కువేం లేవు. కేంద్ర ప్రభుత్వం 2023లో తొలిసారిగా జలవనరుల గణన వివరాలు బయటపెట్టింది. చెరువులు, కుంటలు, చిన్నాచితకా జలాశయాలు అన్నీ కలిపి 24 లక్షలకు పైగా తేలాయి. వాటిలో దాదాపు 55 శాతం ప్రైవేటు వ్యక్తులవే. అన్నిటికీ కట్టలుండవు. చాలావరకు తవ్విన గుంతలు. గుంతలో నీళ్లు నేలకు దిగువన ఉంటాయి కాబట్టి వాటితో పేచీ లేదు. నేలకు ఎగువన నీళ్లు నిలబెట్టే కట్ట ఉన్నదగ్గరే అసలు సమస్య.

'మా కుంట ఎంత? ఎకరం!' అని తీసిపారేస్తారు. ఒకసారి లెక్క చూడండి. ఎకరం విస్తీర్ణంలో సగటున పదడుగుల లోతు నీళ్లుంటే ఆ బరువు 12 వేల టన్నులకు పైమాటే. పది టన్నుల లారీలు 1,200 వరసగా నిలబెడితే ఎంతో అంత. కట్ట తెగితే ఆ లారీలన్నీ నిమిషాల్లో పల్లంలోకి దొర్లుతాయి!

మట్టి ఎలా ఆపుతుంది?

మట్టి నీటిని ఆపడమే ఒక వింత. చేతిలో పోసుకుంటే కరిగిపోయే మట్టి వందల ఏళ్లపాటు చెరువును ఎలా మోస్తోంది? బరువుతో, వెడల్పుతో. అందుకే కట్టకు రెండువైపులా వాలు ఉంటుంది. పైన ఎడ్లబండి వెళ్లేంత వెడల్పుంటే అడుగున దానికి ఎన్నో రెట్లుంటుంది. మధ్యలో నీళ్లను పోనివ్వని బంకమట్టి గోడ, దాన్ని కాపాడుతూ బయట గట్టి గరుకు మన్ను, నీటివైపు అలల కోతకు తట్టుకునే రాతి పేర్పు, బయటివైపు గడ్డి... మంచి కట్ట స్వరూపం ఇదీ.

కట్టలో నీళ్లు అస్సలు ఊరవని అనుకుంటే పొరపాటు. ఏ మట్టికట్టలోనైనా నీరు కొద్దికొద్దిగా చొరబడుతూనే ఉంటుంది. ఆ ఊట మట్టిరేణువులను కదిలించకుండా నెమ్మదిగా బయటపడినంతకాలం భయం లేదు. అందుకే ఇంజినీర్లు బయటివైపు పాదం దగ్గర ఇసుక, కంకర పొరలు వేస్తారు. నీటిని పోనిచ్చి మట్టిని ఆపే వడపోత అది.

కట్టను ఎలా పోశారన్నది ఇంకా ముఖ్యం. మట్టిని జానెడు మందాన పరిచి, తగినంత తడిపి, రోలరుతో తొక్కించి, ఆ పైన మరో పొర వెయ్యాలి. పూర్వం పశువులను, మనుషులను తిప్పి తొక్కించేవాళ్లు. ట్రాక్టర్లతో మట్టి తోలి, జేసీబీ బకెట్‌తో పైపైన తట్టి 'అయిపోయింది' అనిపిస్తే అది కట్ట కాదు, మట్టికుప్ప. మొదటి వానాకాలంలోనే కుంగుతుంది. కుంగినచోట ఎత్తు తగ్గుతుంది. ఎత్తు తగ్గినచోటే నీళ్లు దారి వెతుక్కుంటాయి.

ముంచేవి ఆ రెండే

మట్టికట్టల ప్రమాదాల్లో అత్యధికం రెండు కారణాలవల్లే జరుగుతున్నాయి.

మొదటిది, నీళ్లు కట్ట మీదుగా పొర్లడం. కాంక్రీటు డ్యామైతే కాసేపు తట్టుకోవచ్చు. మట్టికట్ట తట్టుకోలేదు. కట్ట మీంచి దూకే నీరు బయటి వాలును కోసుకుంటూ వెనక్కి వస్తుంది. కాసేపట్లో చిన్న కాలువ, ఆ తర్వాత పెద్ద గండి. దీన్ని ఆపడానికే అలుగు ఉన్నది. తెలంగాణలో మత్తడి, సీమలో మరవ, కోస్తాలో కళింగు... ఊరికో పేరున్నా పని ఒక్కటే. కట్ట నిండకముందే ఎక్కువైన నీటిని క్షేమంగా పంపెయ్యడం. అలుగుకు, కట్ట పైభాగానికి మధ్య ఉండే ఎత్తు చెరువుకు ఊపిరిలాంటిది. చిన్న కట్టలకైనా కనీసం మూడడుగులు ఉండేలా చూసుకుంటారు.

అలుగు మీద ఇసుక బస్తాలు పేర్చి ఇంకో రెండడుగులు నీళ్లు నిలబెడదామనుకోవడం, చేపలు పోతాయని వలలు, తడికలు కట్టడం, అలుగు దిగువ వాగును పూడ్చి చదును చెయ్యడం ఎన్నోచోట్ల కనిపించేవే. సౌత్‌ఫోర్క్‌లో జరిగింది సరిగ్గా ఇదే కదా! 

రెండోది ఇంకా గడుసుది, కంటికి కనిపించదు. కట్ట లోపల ఊట ఏదో ఒక బొరియనో, పగులునో దొరకబుచ్చుకుని మట్టిని కొంచెం కొంచెంగా మోసుకుపోతుంది. బయటివైపు నుంచి లోపలికి సన్నటి సొరంగం తయారవుతుంది. మనవాళ్లు దీన్నే 'బుంగ పడటం' అంటారు. అది నీటిదాకా చేరిందంటే ఇక చేతిలో ఏమీ ఉండదు. తూము గొట్టం కట్టలోంచి వెళ్లేచోట ఈ ముప్పు ఎక్కువ. గొట్టం నున్నగా ఉంటుంది, దాని చుట్టూ మట్టి గట్టిగా అతుక్కోదు. ఆ సందు వెంబడి నీళ్లు పరుగుతీస్తాయి.

చెట్టూ పుట్టా... శత్రువులే

కట్ట మీద చెట్లుంటే మట్టిని పట్టి ఉంచుతాయని చాలామంది నమ్మకం. గడ్డి విషయంలో అది నిజం. గరిక, వట్టివేరు లాంటివి కట్టకు దుప్పటి. చెట్టు విషయంలో తిరగబడుతుంది. చెట్టు బతికున్నప్పుడు వేళ్లు తడిని వెతుక్కుంటూ కట్ట లోపలికి పోతాయి. చచ్చాక వేరు కుళ్లి, దాని స్థానంలో బోలు గొట్టం మిగులుతుంది. గాలివానకు కూలితే వేళ్లతోపాటు బండెడు మట్టిని పెకలించుకుపోతుంది. సర్కారు తుమ్మ పొద అల్లుకుంటే ఇంకో నష్టం, దాని కింద ఏం జరుగుతోందో కనిపించదు. పందికొక్కులు, ఎలుకలు, పీతలు, చెదలు దర్జాగా కాపురం పెడతాయి.

1977లో అమెరికాలోని జార్జియా రాష్ట్రంలో జరిగింది చూడండి. టోకోవా ఫాల్స్ అనేచోట ఓ బైబిలు కళాశాలకు సొంత ఆనకట్ట ఉండేది. పేరు కెల్లీ బార్న్స్. ఎత్తు సుమారు 40 అడుగులు. 1899 ప్రాంతంలో రాళ్లు, దుంగలతో మొదలై, తర్వాత దాని మీద మట్టి పోసుకుంటూ ఎత్తు పెంచారు. కరెంటు ఉత్పత్తికి వాడుకుని 1957లో ఆపేశారు. ఆ తర్వాత అది ఒక విహార సరస్సు. ఆదాయం ఆగింది కానీ నీటి బరువు ఆగలేదు కదా. బయటి వాలు నిటారుగా ఉంది, దాని మీద చెట్లు పెరిగాయి. ప్రమాదానికి నాలుగేళ్ల ముందే కట్టలో కొంత భాగం జారినట్టు తర్వాత దొరికిన ఫోటోలో కనిపించింది. నవంబరు 6 అర్ధరాత్రి దాటాక వానలకు కట్ట తెగింది. నీళ్లు జలపాతం మీంచి దూకి కింద ఉన్న విద్యార్థుల, ఉద్యోగుల ఇళ్ల మీద పడ్డాయి. 39 మంది నిద్రలోంచి లేవకుండానే, లేచినా తప్పించుకోలేక చనిపోయారు. దర్యాప్తుకొచ్చిన నిపుణులకు కట్ట నమూనా పటాలు కూడా దొరకలేదు. అసలు గీసినవాళ్లుంటే కదా!

ఆనకట్టల తనిఖీకి అమెరికాలో 1972లోనే చట్టం ఉంది. డబ్బు ఇవ్వక అది కాగితం మీదే మిగిలిపోయింది. అప్పటి అధ్యక్షుడు జిమ్మీ కార్టర్‌ది జార్జియానే. ఈ ఘోరం తర్వాత ఆయన తనిఖీలకు ఆదేశించారు. తెగితే ప్రాణనష్టం జరిగే చోటనున్న 8,800కు పైగా ఆనకట్టలను నాలుగేళ్లలో చూస్తే దాదాపు మూడోవంతు భద్రంగా లేవని తేలింది. ఎక్కువ వాటిలో కనిపించిన లోపం ఒక్కటే... అలుగు చాలకపోవడం.

కట్ట ఒకరిది... కొంప ఇంకొకరిది

కారు బ్రేకులు చూసుకోకపోతే ముందు దెబ్బతినేది అందులో ఉన్నవాడే. కట్ట అలా కాదు. యజమాని ఇల్లు ఎక్కడో గట్టు మీద ఉంటుంది. తెగితే పోయేది దిగువవాడి ఇల్లు. ఖర్చు ఒకరిది, ప్రమాదం ఇంకొకరిది. చిన్న కట్టలు నిర్లక్ష్యానికి గురయ్యే అసలు కిటుకు ఇక్కడే ఉంది.

హవాయి దీవుల్లోని కవాయిలో 1890లో చెరకు తోటల కోసం కట్టిన కాలోకో అనే మట్టికట్ట ఉండేది. తోటల కాలం పోయి అది ఒక ప్రైవేటు వ్యక్తి భూమిలోకి వచ్చింది. 2006లో వారాల తరబడి వానలు పడ్డాయి. మార్చి 14 తెల్లవారుజామున కట్ట తెగి ఏడుగురు కొట్టుకుపోయారు. దర్యాప్తులో అలుగు జాడే కనిపించలేదు. అది పూడిపోయి ఉందని తేల్చారు. ప్రభుత్వం కూడా ఆ కట్టను తనిఖీ చేయలేదని బయటపడింది. కేసు ఏళ్లపాటు నడిచి, 2014లో యజమానికి ఏడు నెలల జైలుశిక్ష పడింది.

2018 మే 9న కెన్యాలోని సోలాయ్ ప్రాంతంలోనూ ఇదే. ఓ పెద్ద తోట యజమాని సొంతానికి కట్టుకున్న జలాశయం రాత్రిపూట తెగింది. దిగువ ఊళ్లో 40 మందికి పైగా చనిపోయారు. వాళ్లలో చాలామంది పిల్లలు.

ఇంకో చిక్కుంది. కట్ట మారకపోయినా దాని కింద ఊరు మారుతుంది. తాతలనాడు కట్టినప్పుడు దిగువన జొన్నచేను. తండ్రి కాలంలో నాలుగు గుడిసెలు. ఇప్పుడు వెంచరు, స్కూలు, పెట్రోలు బంకు. కట్ట అదే, బలం అదే, తెగితే పోయే ప్రాణాలు మాత్రం వందరెట్లు. అందుకే చాలా దేశాల్లో ఆనకట్టలను ఎత్తుతోపాటు 'తెగితే కింద ఎవరున్నారు' అన్న లెక్కతో తరగతులుగా విభజిస్తారు. ఎక్కువ ప్రమాద తరగతి అంటే కట్ట పాడైందని కాదు, దాన్ని పాడవనివ్వకూడదని.

కార్వేటినగరం కేసు

తెగితే బాధ్యత ఎవరిది? ఈ ప్రశ్న మీద ప్రపంచమంతా న్యాయ విద్యార్థులు చదివే తీర్పు ఒక ప్రైవేటు జలాశయం గురించే. ఇంగ్లండులోని లాంకషైర్‌లో ఒక మిల్లు యజమాని తన మిల్లు కోసం జలాశయం కట్టించుకున్నాడు. 1860లో ఆ నీళ్లు అడుగున ఉన్న పాత గని దారుల్లోంచి పక్కవాడి బొగ్గుగనిలోకి దూకాయి. 'రైలాండ్స్-ఫ్లెచర్' కేసుగా అది పేరుపొందింది. బయటపడితే కీడు చేసే దాన్ని నీ భూమిలోకి తెచ్చి పెట్టుకుంటే, అది తప్పించుకుపోయినప్పుడు నష్టం నువ్వే భరించాలని 1868లో ప్రభువుల సభ తేల్చింది. తప్పు ఎవరిదన్న వాదనతో పనిలేదంది.

ఆ తీర్పు సిరా ఆరకముందే అలాంటి తగవు తెలుగునేల మీద నుంచి లండన్ చేరింది. ఇప్పటి చిత్తూరు జిల్లాలోని కార్వేటినగరం జమీందారు చెరువులు భారీ వానలకు తెగి మద్రాసు రైల్వే కంపెనీ వంతెనలను దెబ్బతీశాయి. రైలాండ్స్ తీర్పును పట్టుకుని రైల్వేవాళ్లు పరిహారం అడిగారు. మద్రాసు హైకోర్టులో ఓడి ప్రివీ కౌన్సిల్ దాకా వెళ్లారు. 1874లో అక్కడా ఓడారు.

ఎందుకు? ఇక్కడి చెరువులు జమీందారు సరదాకు తెచ్చిపెట్టుకున్నవి కావు. అనాదిగా ఉన్నవి, లక్షలమంది వాటి మీదే బతుకుతున్నారు, వాటిని కాపాడటం జమీందారు హక్కే కాదు, విధి కూడా అని న్యాయమూర్తులు అన్నారు. అయితే ఆయన గెలిచింది ఊరికే కాదు. కట్టల సంరక్షణలో ఆయన వైపు నిర్లక్ష్యం లేదని తేలింది కాబట్టి గెలిచాడు. చెరువు ఎంత పుణ్యకార్యమైనా దాన్ని చూసుకోవాల్సిన పూచీ మాత్రం తప్పదన్నది ఆ తీర్పు సారం.

పోరుమామిళ్ల పాఠం

ఈ పూచీ మనవాళ్లకు కొత్తేం కాదు. కడప జిల్లా పోరుమామిళ్ల చెరువును బుక్కరాయల కుమారుడు భాస్కర భవదూరుడు తవ్వించాడు. అక్కడి 1369 నాటి సంస్కృత శాసనం చెరువుకు ఉండాల్సిన పన్నెండు అంగాలను, ఉండకూడని ఆరు దోషాలను చెబుతుంది. ఆ దోషాల్లో ఒకటి కట్టలోంచి నీరు ఊరడం! ఆరున్నర శతాబ్దాల కిందటే రాతిమీద చెక్కి పెట్టారన్నమాట.

చెక్కి ఊరుకోలేదు, ఖర్చుకు దారి కూడా చూపించారు. రాయలసీమలో 'దశబంధం' మాన్యాలని ఉండేవి. చెరువు తవ్వించినవారికి, బాగుచేస్తూ ఉండేవారికి ఆయకట్టులో కొంత భూమినో, పన్నులో కొంత భాగమో వదిలిపెట్టేవాళ్లు. చెరువును చూసుకున్నంతకాలమే మాన్యం. ఇక నీరడి, నీరుగంటి ఉండనే ఉన్నారు. తూము తెరవడం, కట్ట మీద తిరగడం, బుంగ కనిపిస్తే ఊరిని లేపడం వాళ్ల పని. అందుకు రైతులు పంటలో వాటా కొలిచేవారు. 

జమీందారీలు రద్దయ్యాయి. చెరువులు ప్రభుత్వం కిందికొచ్చాయి. మాన్యాలు పోయాయి, నీరడులు తగ్గారు. తెలంగాణలో 2015లో మొదలైన మిషన్ కాకతీయ 46 వేలకు పైగా చెరువులను లెక్కలోకి తీసుకుంది. ఎన్నో కట్టలు బలపడ్డాయి. సొంత భూముల్లో వేసుకున్న కట్టల పూచీ మాత్రం ఎవరిది వారిదే.

చట్టానికి అందనివి

2021లో వచ్చిన ఆనకట్టల భద్రత చట్టం దేశంలో పెద్ద ముందడుగు. వానలకు ముందు, తర్వాత తనిఖీలు, అత్యవసర ప్రణాళిక, తప్పు చేస్తే జైలు... అన్నీ ఉన్నాయి. అయితే అది వర్తించేది 15 మీటర్లకు మించిన ఆనకట్టలకు. 10 నుంచి 15 మీటర్ల మధ్యవైతే కట్ట పొడవు అర కిలోమీటరు ఉండటం, పది లక్షల ఘనపు మీటర్ల నీరు పట్టడం లాంటి షరతుల్లో ఒకటైనా ఉండాలి. అంటే 30 అడుగుల కట్ట ఈ చట్టం దృష్టిలో లేనట్టే. దాని కింద బడి ఉన్నా సరే!

బ్రిటన్‌లో లెక్క వేరు. 1925లో వేల్స్‌లోని డోల్గరాగ్‌లో ఒక అల్యూమినియం కంపెనీ ఆనకట్ట తెగి, ఆ నీరు కిందనున్న మట్టికట్టను కూడా తెంచేసి 16 మందిని బలితీసుకుంది. 1930లో చట్టం వచ్చింది. 1975 నాటి చట్టం ఎత్తుతో కాక నీటి పరిమాణంతో గీత గీసింది. నేలమట్టానికి ఎగువన 25 వేల ఘనపు మీటర్లు నిల్వచేస్తే చాలు, అది ఎవరిదైనా నిపుణుడైన ఇంజినీరు చూసి తీరాలని అప్పట్లో ఆ చట్టం చెప్పింది. పదడుగుల లోతుతో రెండెకరాల చెరువుంటే దాదాపు ఆ గీత దగ్గరికి వచ్చేస్తుంది.

ఏడాదికి నాలుగు నడకలు

చట్టం వచ్చేదాకా ఆగనక్కర్లేదు. కట్ట సంరక్షణలో ముప్పాతిక భాగం కాళ్లతో, కళ్లతో చేసే పనే. ఎండాకాలం చివర, వానలు పడుతుండగా, చెరువు నిండినప్పుడు, నీళ్లు తగ్గాక... ఈ నాలుగుసార్లు కట్ట మీద, బయటి పాదం వెంబడి మొదట్నుంచి చివరిదాకా నడవాలి. పెద్దవాన పడ్డ ప్రతిసారీ అదనంగా ఇంకోసారి.

* కట్ట పైభాగం సమంగా ఉందా? దారం పట్టి చూస్తే కుంగినచోటు తెలిసిపోతుంది. చెరువు నిండకముందే గట్టి మన్ను వేసి తొక్కించి ఎత్తు సరిచేయాలి.

* పగుళ్లున్నాయా? రోహిణి ఎండలకు రోళ్లే పగులుతాయంటారు, నల్లరేగడి కట్ట పగలదా! ఎండకు వచ్చే సన్నటి పగుళ్లను తవ్వి తడిమట్టితో కూరాలి. కట్ట పొడవునా ఒకే గీతలా వచ్చిన పగులు మాత్రం వాలు జారుతోందనడానికి గుర్తు. వెంటనే ఇంజినీరును పిలవాలి.

* బయటి పాదం దగ్గర ఎండాకాలంలోనూ పచ్చగా ఉన్న చోటు, రెల్లు మొలిచిన చోటు గమనించాలి. అక్కడ ఊట ఉన్నట్టే. ఓ పుల్ల పాతి గుర్తు పెట్టుకుని, వారానికోసారి ఊట పెరుగుతోందేమో చూడాలి.

* తేటనీరు కారితే కనిపెట్టి ఉండాలి. బురదనీరు కారితే పరుగెత్తాలి. నీటితోపాటు మట్టి వస్తోందంటే లోపల బుంగ పడుతున్నట్టే.

* మొలకగా ఉన్నప్పుడే చెట్టు పీకెయ్యాలి. మానైపోయాక కొట్టేసి మొద్దు వదిలేస్తే వేళ్లు కుళ్లి ఇంకా ప్రమాదం. నీళ్లు తగ్గాక నిపుణుల సలహాతో వేళ్లతో సహా తీసి, ఆ గుంతను పొరలుగా పూడ్చాలి.

* బొరియలను పైపైన మూస్తే లాభం లేదు. చివరిదాకా తవ్వి, మట్టితో కూరి గట్టిచేయాలి.

* అలుగు మీద బస్తాలు, వలలు, తడికలు, చెత్త... ఏదీ ఉండకూడదు. చేపలకు జాలీ తప్పదనుకుంటే వరద రోజు ఒక్క మనిషి తీసెయ్యగలిగేలా ఉండాలి. తీసే మనిషి ఆ రోజు అక్కడ ఉండాలి.

* తూము తలుపు ఏడాదికి రెండుసార్లయినా ఎత్తి దించాలి. తుప్పుపట్టి బిగుసుకుందని వరద రోజున తెలిస్తే ఏం లాభం? 

* దిగువన ఉన్న ఇళ్లవాళ్ల ఫోన్ నంబర్లు, సర్పంచి, తహసీల్దారు, పోలీసు స్టేషన్ నంబర్లు రాసి పెట్టుకోవాలి. ఎటు పరుగెత్తాలో వాళ్లకు ముందే చెప్పి ఉంచాలి.

బుంగ పడిందని తెలిసిన క్షణంలో జనం చేసే మొదటి పొరపాటు, బయటివైపు రంధ్రాన్ని బంకమట్టితో మూసెయ్యడం. నీళ్లు ఇంకోచోట, ఇంకా జోరుగా చీల్చుకు వస్తాయి. ఇసుక, కంకర వేసి దాని చుట్టూ ఇసుక బస్తాలు బావిగట్టులా పేర్చాలి. నీరు కారాలి, మట్టి ఆగాలి. ఇంకోపక్క తూము ఎత్తి చెరువు మట్టం దించాలి. అయితే దీనికన్నా ముందు చెయ్యాల్సింది ఒకటుంది... దిగువవాళ్లను ఖాళీ చేయించడం. పడిన బుంగను చూద్దామని కట్ట మీద గుంపుగా నిలబడటంకన్నా తెలివితక్కువ పని ఇంకోటి లేదు.

ఇక చెరువుతో అసలు అవసరమే తీరిపోయినవాళ్లుంటారు. సాగు ఆగింది, పిల్లలు పట్నంలో ఉన్నారు, కట్టను చూసే దిక్కులేదు. అలాంటప్పుడు నీళ్లు నింపి వదిలెయ్యడంకన్నా, వేసవిలో ఇంజినీరు సలహాతో అలుగును లోతుగా దించి, మట్టం తగ్గించడమే మేలు. అమెరికా, ఐరోపాల్లో పనిలేని పాత ఆనకట్టలను పద్ధతి ప్రకారం తొలగించడం మామూలైంది. వాడుకోని కట్ట ఆస్తి కాదు, అప్పు. వడ్డీ పెరుగుతూనే ఉంటుంది.

కట్ట మరమ్మతుకు అదను ఎండాకాలమే. నీళ్లు అడుగంటి ఉంటాయి, లోపలి వాలు కూడా కంటికి కనిపిస్తుంది, మట్టి పనికి మనుషులు దొరుకుతారు. మృగశిర వచ్చాక మొదలుపెడితే అది ఇల్లు కాలేటప్పుడు బావి తవ్వడమే. ఓ మనిషి, ఓ పార, ఒక పూట నడక... పనంతా మొదలయ్యేది ఇంతటితోనే. దిగువ ఇంట్లో నిద్రపోయేవాళ్లకు ఆ నడక గురించి ఎప్పటికీ తెలియకపోవచ్చు. వాళ్లు పొద్దున్నే లేచి మామూలుగా పనుల్లో పడితే చాలు.